లారాకు కొత్త షాకప్‌లు: స్ప్రింగులు మార్చకుండానే సుఖం, పట్టు

నా కారు 2011 నాటి స్కోడా లారా. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు. లక్ష కిలోమీటర్లు దాటినా ఇంజిన్ హుషారు తగ్గలేదు గాని, కింది భాగం మాత్రం వయసును దాచుకోలేకపోయింది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద వేగంలో చిన్న మెరక దాటితే కారు ఒకసారి లేచి కుదురుకునే బదులు మరోసారి ఊగేది. బ్రేకు కాస్త గట్టిగా నొక్కితే ముందు భాగం కిందికి కుంగేది. వెనక టైర్లను అరచేత్తో తడిమితే ఎత్తుపల్లాలుగా అరిగిన జాడ తెలిసేది. ఇంతగా మెత్తబడిన కారులో సుఖమైనా మిగిలిందా అంటే అదీ లేదు. వెనక సీట్లో కూర్చునే మా అమ్మ "ఈ ఊపుడుకి నడుము పట్టేస్తోందిరా, ఆటోలో పోయినా ఇంతకన్నా నయమే" అనడం మొదలుపెట్టింది.

కాబట్టి నేను వెతకవలసిన సస్పెన్షన్ ఇద్దరికి నచ్చాలి. మలుపుల్లో కారు చెప్పినట్టు వినాలన్నది నా కోరిక, నడుముకు దెబ్బ తగలకూడదన్నది అమ్మ అవసరం. ఈ రెంటినీ ఒకే కొలబద్దకు రెండు కొసలుగా చూడడం మనకు అలవాటు. గట్టిగా ఉంటే పట్టు, మెత్తగా ఉంటే సుఖం, ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి అనుకుంటాం. నాలుగైదు నెలలు చదివి, తెలిసినవాళ్ల కార్లు నడిపి, చివరికి కొని బిగించుకున్న తరువాత నాకు అర్థమైనదేమిటంటే, ఈ లెక్క స్ప్రింగుల విషయంలో చాలావరకు నిజమే అయినా షాకప్‌ల విషయంలో సగమే నిజం.

స్ప్రింగు కారు బరువును మోస్తుంది, గతుకు తగిలినప్పుడు నొక్కుకుని ఆ శక్తిని తనలో దాచుకుంటుంది, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. దాన్ని అలా వదిలేస్తే కారు ఊగుతూనే ఉంటుంది. ఊగే ఊయలను పట్టి నిలిపే చెయ్యి లాంటిది షాకప్. పిస్టన్‌లోని సన్నని దారుల గుండా నూనెను బలవంతంగా పంపి, ఊపులోని శక్తిని వేడిగా మార్చేస్తుంది. ఇక్కడ ముఖ్యమైన సంగతి పిస్టన్ కదిలే వేగం. మలుపులో కారు పక్కకు ఒరిగేటప్పుడు, బ్రేకు వేస్తే ముందుకు కుంగేటప్పుడు పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది. గుంత అంచు తగిలినప్పుడు, ఫ్లైఓవర్ జాయింట్ దాటేటప్పుడు ఒక్కసారిగా దూసుకుపోతుంది. కారు వేగంతో దీనికి నేరుగా సంబంధం లేదు. ఇరవై వేగంలో గుంతలో పడినా పిస్టన్ వేగంగానే కదులుతుంది, నూట ఇరవైలో మెల్లగా లైను మారితే నెమ్మదిగానే కదులుతుంది. నెమ్మది కదలికకు గట్టిగా అడ్డుపడి, వేగమైన కదలికకు దారి ఇచ్చే షాకప్ దొరికితే అమ్మ మాట, నా మాట రెండూ నెగ్గుతాయి. నేను చేసిన వెతుకులాటంతా దాని కోసమే.

అయితే కొనుగోలు కంటే ముందు జరగవలసిన పని ఒకటుంది. మా మెకానిక్ కారును లిఫ్ట్ మీదికి ఎక్కించి, చక్రాన్ని కారుకు కలిపే లోయర్ ఆర్మ్ వెనకవైపు బుష్‌ను, అంటే కీలు దగ్గరి రబ్బరు తొడుగును, లీవర్‌తో కదిపి చూపించాడు. రబ్బరు చీలి, ఆర్మ్ అటూ ఇటూ కదులుతోంది. ఒరుగుదలను అదుపు చేసే స్టెబిలైజర్ బారు కొసలకు ఉండే లింక్ రాడ్ల బాల్ జాయింట్లు వదులై టకటకమంటున్నాయి. "షాకప్‌లు తరువాత చూద్దాం సార్, ముందు ఇవి మార్చకపోతే కొత్తవి వేసినా తేడా తెలీదు" అన్నాడు. ఈ సలహా ఇచ్చినందుకు అతని మీద గౌరవం పెరిగింది, ఎందుకంటే షాకప్‌ల సెట్టు అమ్మితే వచ్చే లాభం ముందు నాలుగు బుష్‌లు, రెండు లింక్ రాడ్లు ఎంత? అవి మార్చాక చప్పుళ్లు పోయాయి, స్టీరింగ్ కాస్త సూటిగా వచ్చింది, ఊపు మాత్రం అలాగే ఉంది. ముందు ఎడమ షాకప్ ఒంటి మీద నూనె కారి, దానికి దుమ్ము అట్టకట్టి ఉండడం కూడా అప్పుడే చూశాం. రాడ్ దగ్గర సన్నటి నూనె చెమ్మ మామూలే గాని, అడుగుదాకా కారిందంటే సీలు పోయినట్టే. బానెట్ మూల నొక్కి వదిలి చూసే పాత పరీక్షను నేను పెద్దగా నమ్మను. పూర్తిగా పాడైనదాన్ని అది పట్టిస్తుంది గాని, సగం బలం పోయినదాన్ని పట్టించలేదు.

మొదట నన్ను ఆకర్షించినవి ఎత్తు తగ్గించే స్ప్రింగులు. చూడ్డానికి అందం, మలుపుల్లో పట్టు అని అందరూ చెప్పేవే. లెక్క వేసి చూద్దామని కూర్చున్నాను. ముందు ఒక్కో చక్రం మీద స్ప్రింగు మోసే బరువు 380 కిలోలు అనుకుందాం, చక్రం దగ్గర లెక్కగట్టిన స్ప్రింగు బలం మిల్లీమీటరుకు 24 న్యూటన్లు అనుకుందాం. అప్పుడు ఆ మూల సెకనుకు సుమారు 1.27 సార్లు ఊగుతుంది. స్ప్రింగును 30 శాతం గట్టిది వేస్తే అది 1.44కు చేరుతుంది. మామూలు ప్రయాణపు కార్లను దాదాపు 1 నుంచి 1.5 హెర్ట్జ్ (సెకనుకు ఊపులు) మధ్య ఉంచుతారు, ఆ పైన స్పోర్ట్స్ కార్ల వ్యవహారం. అంటే 1.44 అన్నది భరించలేనిదేమీ కాదు. గట్టి స్ప్రింగు వల్ల వచ్చే కష్టం నిజానికి ఈ అంకెలో కంటే ఎత్తు తగ్గడంలో ఎక్కువగా ఉంది. చక్రం పైకి లేవడానికి, కదలికను చివర్లో ఆపే దిమ్మ (బంప్ స్టాపర్) తగిలేలోపు 80 మిల్లీమీటర్ల చోటు ఉందనుకుంటే, కారును 30 మిల్లీమీటర్లు దించాక మిగిలేది యాభయ్యే. స్ప్రింగు మూడో వంతు కూడా గట్టిపడలేదు, చోటు మాత్రం మూడో వంతుకు పైగా పోయింది. స్టాపర్ తగిలిన క్షణం నుంచి స్ప్రింగు ఎంత మంచిదైనా లాభం లేదు, దెబ్బ నేరుగా బాడీకి, అక్కడి నుంచి వెన్నుకు వెళ్తుంది.

మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఆ కొలతల్లో ఉంటే పాతిక వేగంలో హాయిగా దాటవచ్చు. మా కాలనీలో ఉన్నవి మాత్రం ఎవరింటి ముందు వారు మిగిలిన సిమెంటుతో పోసుకున్న గట్లు.

ఎత్తు తగ్గింపులో మరో తిరకాసు ఉంది. మన కార్లలో ముందువైపు ఎక్కువగా ఉండే మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకప్ ఒకే స్తంభంగా ఉండే) అమరికలో, కారు దిగినకొద్దీ లోయర్ ఆర్మ్‌లు చక్రం వైపు పైకి వాలుతాయి. దానితో గరిమనాభి (బరువు కేంద్రం) దిగినదానికంటే, కారు పక్కకు ఒరిగే కేంద్రం ఎక్కువగా కిందికి జారిపోతుంది. ఆ రెంటి మధ్య దూరం పెరిగితే కారును ఒరిగించే బలానికి లీవరు పొడవు పెరిగినట్టే. గట్టి స్ప్రింగు సంపాదించిన దానిలో కొంత ఇక్కడ ఖర్చయిపోతుంది. అందుకే అసలు స్ప్రింగులు, అసలు ఎత్తు కదపకూడదని నిర్ణయించుకున్నాను. పాత స్ప్రింగులు కుంగిపోలేదని నిర్ధారించుకోవడానికి చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలిచాము. కుడి ఎడమల మధ్య తేడా పట్టించుకోవలసినంత లేదు.

చట్టం కోణం నుంచి కూడా ఈ దారి నాకు నిశ్చింతగా అనిపించింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని కఠినంగానే వ్యాఖ్యానించింది. అరిగిన షాకప్ స్థానంలో అవే కొలతల మరో షాకప్ వేయించడానికీ, కారు రూపం మార్చడానికీ తేడా ఉందన్నది నా అభిప్రాయం. అయినా బీమా కంపెనీకి ముందుగా ఒక ఉత్తరం రాసి ఉంచాను.

ఇక షాకప్‌లలో ఏది? ఒకే గొట్టం ఉన్నవి, రెండు గొట్టాలు ఉన్నవి అని రెండు జాతులు. రెండు గొట్టాల రకంలో లోపలి గొట్టంలో పిస్టన్ ఆడుతుంది, బయటి గొట్టం మిగులు నూనెకు, కొద్దిపాటి ఒత్తిడితో నింపిన నైట్రోజన్‌కు చోటిస్తుంది. ఇది చవక, పొడవు తక్కువ, సీలు మీద ఒత్తిడి తక్కువ కనుక రాడ్ సులువుగా జారుతుంది. ఘాట్ రోడ్డులో ఎక్కువసేపు ఆపకుండా పనిచేయిస్తే నూనె వేడెక్కి నురగ కట్టే అవకాశం దీని లోపం. ఒకే గొట్టం రకంలో నూనెకు, గ్యాసుకు మధ్య తేలియాడే పిస్టన్ ఒకటి అడ్డుగా ఉంటుంది. గ్యాసు పీడనం ఇరవై బార్‌లకు పైనే ఉంటుంది కాబట్టి నురగ సమస్య దాదాపు ఉండదు, గొట్టం నేరుగా గాలికి తగులుతుంది కనుక త్వరగా చల్లారుతుంది. కాని ఆ పీడనాన్ని ఆపే సీలు బిగుతు వల్ల, స్ట్రట్‌లలో చాలాసార్లు దీన్ని తలకిందులుగా అమర్చినప్పుడు జారుడు బుషింగుల రాపిడి వల్ల, సన్నటి గతుకుల దగ్గర మొదటి కదలికకు కాస్త మొరాయిస్తుంది.

షాకప్‌లు తయారుచేసే బిల్‌స్టీన్ వారి జాబితా చూస్తే ఈ తేడా చక్కగా అర్థమవుతుంది. బీ4 కంపెనీ ఇచ్చినదానికి ప్రత్యామ్నాయంగా వేసేది, లారాకు వచ్చేది రెండు గొట్టాల రకమే. బీ6 ఒకే గొట్టంతో, అసలు ఎత్తుకే సరిపోయే గట్టి రకం. బీ8 అదే గుణంతో, ఎత్తు తగ్గించిన కార్ల కోసం పొట్టిగా చేసినది. బీ14 ఎత్తు సవరించుకునే కాయిలోవర్, అంటే మరలున్న గొట్టం మీద స్ప్రింగు కూర్చునే సెట్టు. కాయిలోవర్ల జోలికి నేను వెళ్లలేదు. మన వర్షాకాలపు బురదలో ఆ మరలు బిగుసుకుపోకుండా చూసుకునే ఓపిక నాకు లేదు.

ఒక మిత్రుడి ఆక్టేవియాలో బీ6 ఉన్నాయి, అసలు స్ప్రింగులతోనే. అతను ఉదారంగా తాళాలు ఇచ్చి ఒక పూట తిప్పుకోమన్నాడు. ఔటర్ మీద ఆ కారు నేలను అంటిపెట్టుకుని ఉంది, మలుపులోకి స్టీరింగ్ తిప్పిన వెంటనే బాడీ ఒరిగి ఒకచోట స్థిరపడింది, నాకు తెగ నచ్చింది. అదే కారును అత్తాపూర్ సందుల్లోకి తెచ్చి పాతిక వేగంలో నడిపితే తవ్వి పూడ్చిన పైపులైను గట్లన్నీ లెక్కపెట్టి చెప్పింది. వేరే పరిచయస్థుడి కారులో బీ8తోపాటు దించిన స్ప్రింగులు ఉన్నాయి. అందులో వెనక కూర్చుని నేనే పావుగంటలో దిగిపోవాలనుకున్నాను. కంపెనీ షాకప్‌లనే మళ్లీ వేయించుకుంటే ఇబ్బందేమీ ఉండేది కాదు, కొత్తగా ఉన్నప్పుడు కారు బాగానే ఉండేది. కాని ముగ్గురు నలుగురు ఎక్కి వేగంగా వెళ్తున్నప్పుడు వెనక భాగం కొంత తేలినట్టుండడం ఈ కారుకు మొదటి నుంచీ ఉన్న గుణం.

జీప్ కంపాస్ 2017లో మన దగ్గరికి వచ్చినప్పుడు "ఫ్రీక్వెన్సీ సెలెక్టివ్ డ్యాంపింగ్" అనే మాట ప్రకటనల్లో వినిపించింది. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700 కూడా అదే మాట చెప్పింది. మా బావగారి కంపాస్‌లో చెడిన రోడ్డు మీద ప్రయాణం చేశాక ఆ మాట ఉత్తి ప్రచారం కాదనిపించింది. ఇదే పద్ధతిని కోని అనే డచ్ కంపెనీ విడిగా కొనుక్కునే షాకప్‌లలో స్పెషల్ యాక్టివ్ పేరుతో ఇస్తోంది. ఇందులో తీగలు, సెన్సర్లు, కంప్యూటర్లు ఏమీ లేవు. పిస్టన్‌కు జోడించిన అదనపు వాల్వు ఒకటి నూనెకు పక్కదారి ఇస్తుంది. చక్రం గబగబా కంపించినప్పుడు ప్రతి కదలికా క్షణంలో ముగిసిపోతుంది కనుక పక్కదారి తెరిచే ఉండి అడ్డు తక్కువగా ఉంటుంది. బాడీ నెమ్మదిగా ఒరిగినా, ఊగినా కదలిక ఎక్కువసేపు సాగుతుంది కనుక ఆ వాల్వు లోపల పీడనం పోగై పక్కదారిని మూసేస్తుంది, అడ్డు పెరుగుతుంది. ఇది ప్రధానంగా షాకప్ సాగే వైపు పనిచేస్తుంది. చక్రం గుంతలోకి దిగేటప్పుడు, బాడీ పైకి తేలేటప్పుడు జరిగేది అదే కాబట్టి నాకు కావలసిన పని కూడా అక్కడే ఉంది. బీ6కు, కంపెనీ షాకప్‌కు మధ్య రాజీ కుదిర్చి తీసిన సగటు కాదిది, గతుకుకూ ఒరుగుదలకూ వేర్వేరు జవాబులు ఇచ్చే అమరిక. నా నిర్ణయం ఇక్కడే జరిగిపోయింది.

ఆర్డరు పెట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. లారా కట్టిన వేదిక (ప్లాట్‌ఫామ్) మీద ముందు స్ట్రట్ గొట్టం వ్యాసం రెండు రకాలుగా వస్తుంది, 50 మిల్లీమీటర్లు లేదా 55 మిల్లీమీటర్లు. తప్పు సైజు తెప్పిస్తే స్ట్రట్ చక్రం దగ్గరి హౌసింగ్‌లో కూర్చోదు. డిక్కీలో స్టెప్నీ గుంత దగ్గర అతికించిన స్టిక్కరు మీద ఉండే కోడ్‌లు ఆ కారుకు ఏ సస్పెన్షన్ వచ్చిందో చెబుతాయి, అయినా నేను వెర్నియర్‌తో కూడా కొలిపించాను. రెండోది ఎత్తు. మన దేశానికి వచ్చిన కార్లు గతుకు రోడ్ల కోసం కాస్త లేపినవి. యూరప్ ఎత్తుకు చేసిన షాకప్ ఈ కారులో మామూలుగా నిలబడినప్పుడే కొంత సాగి ఉంటుంది. అప్పుడు గుంతలోకి చక్రం దిగడానికి మిగిలే చోటు తగ్గి, రాడ్ చివరికి తగిలి టక్కుమని కొడుతుంది. అందుకే పాత షాకప్ పూర్తిగా సాగినప్పటి పొడవును, నొక్కినప్పటి పొడవును కొలిచి, అమ్మకందారు పంపిన కొలతలతో పోల్చి, తేడా ప్రమాదకరంగా లేదని నమ్మకం కుదిరాకే డబ్బు కట్టాను. దిగుమతి సుంకంతో కలిపి ధర కంపెనీ షాకప్‌లకు రెట్టింపు పైనే పడింది.

బిగింపులో షాకప్‌లతోపాటు కొత్తవి తప్పనిసరిగా వేయించవలసినవి కొన్ని ఉన్నాయి. స్ట్రట్ పై మౌంట్లు, వాటి బేరింగులు, బంప్ స్టాపర్లు, దుమ్ము తొడుగులు, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడని నట్లు బోల్టులు. పాత బేరింగు మీద కొత్త స్ట్రట్ పెడితే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా స్ప్రింగు మెలిపడి టంగుమంటుంది, అప్పుడు మళ్లీ అంతా విప్పాలి. స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ దగ్గర మాత్రం ఎవరూ సాహసం చేయకూడదు. అది జారితే ప్రాణం మీదికి వస్తుంది. మా మెకానిక్ ఆ పనికి గోడకు బిగించిన యంత్రం వాడాడు, నన్ను ఆ దరిదాపులకు రానివ్వలేదు.

ఆ రోజు నేను పట్టుబట్టి చేయించిన పని ఒకటే. రబ్బరు బుష్ గుండా వెళ్లే బోల్టులను కారు లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే కారు కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది, సస్పెన్షన్ కూడా బిరుసుగా అనిపిస్తుంది. వెనక ఆర్మ్ కింద జాకీ పెట్టి, చక్రం మామూలు ఎత్తుకు వచ్చేదాకా లేపి, అప్పుడు టార్క్ రెంచితో బిగించాలి. కొత్త సస్పెన్షన్ బండలా ఉందని వాపోయేవాళ్ల కార్లలో కొన్నిటికి మందు ఇంత చిన్నదేనని నా అనుమానం.

తరువాత నాలుగు చక్రాల అలైన్‌మెంట్. లారాలో వెనకవైపు మల్టీలింక్ (ఒక్కో చక్రానికి పలు ఆర్మ్‌లు) కాబట్టి అక్కడ టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలే కోణం) రెండూ సరిచేయవచ్చు. ముందు టో సులువే గాని, క్యాంబర్ కుడి ఎడమల తేడాను ఆర్మ్‌లు బిగించి ఉండే సబ్‌ఫ్రేమ్‌ను కాస్త జరిపి సర్దాలి. రెండు నిమిషాల్లో ముందు టో మాత్రం చూసి పంపేసే షాపులో ఇది కుదరదు. కొన్ని వారాలు నడిచి అంతా సర్దుకున్నాక మరోసారి చూపించాను, స్వల్పంగా మాత్రమే సవరించవలసి వచ్చింది.

టైరు గాలి మాట ఇక్కడ చెప్పాలి. పెట్రోల్ బంకులో అడగకముందే 36, 38 కొట్టేస్తారు. టైరు కూడా ఒక స్ప్రింగే, దానికి షాకప్ అంటూ వేరే లేదు. కంపెనీ స్టిక్కరు చెప్పిన ఒత్తిడికి తెస్తే చిన్న గతుకుల కరుకుదనం ఖర్చు లేకుండానే తగ్గింది. అలాగే 17 అంగుళాల చక్రాలు వేద్దామన్న ఆలోచన కూడా మానుకున్నాను. 205/55 ఆర్16 టైరుకు పక్కగోడ 113 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 225/45 ఆర్17కు 101 మాత్రమే. షాకప్‌లు ఇచ్చిన సుఖాన్ని టైర్ల దగ్గర పోగొట్టుకోవడం దేనికి?

నా పరీక్షాస్థలం పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా సాగే ఆ వంతెన మీద జాయింట్లు ఒకే ఎడంతో వస్తూనే ఉంటాయి కాబట్టి ఒకే వేగంలో వెళ్తే ఒకే రకం దెబ్బను మళ్లీ మళ్లీ పోల్చి చూసుకోవచ్చు. పాత షాకప్‌లతో ఒక జాయింటు కదలిక ఆగకముందే మరొకటి వచ్చి కారు లయబద్ధంగా ఊగేది. కొత్తవాటితో ప్రతి జాయింటు దగ్గరా ఒక చిన్న మొద్దు చప్పుడు వినిపిస్తుంది, బాడీ కదలిక అంతటితో సరి. సీట్లోని మనిషికి తగిలే దెబ్బ బీ6 కారులో కంటే స్పష్టంగా తక్కువ, చప్పుడు మాత్రం కంపెనీ షాకప్‌ల రోజుల కంటే ఏ మాత్రమూ తక్కువ కాదు.

శ్రీశైలం వెళ్లినప్పుడు మన్ననూరు దాటాక నల్లమల మలుపుల్లో, దోమలపెంట దగ్గర డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో నలుగురం, సామానుతో ఉన్నాం. కుడి మలుపు నుంచి ఎడమ మలుపుకు మారేటప్పుడు ఇదివరకు బాడీ ఆలస్యంగా, స్టీరింగ్ తిప్పడం అయిపోయాక వచ్చి పడేది. ఇప్పుడు స్టీరింగ్‌తోపాటే కదులుతోంది. ఒరుగుదల మొత్తం తగ్గలేదు, స్ప్రింగులూ స్టెబిలైజర్ బారూ పాతవే కనుక తగ్గదు కూడా. ఒరిగే వేగం మాత్రం తగ్గింది, డ్రైవరుకు నమ్మకం ఇచ్చేది అదే. వెనక సీట్లో అమ్మ దిగువ ఘాట్‌లో నిద్రపోయింది. అంతకుమించిన ప్రశంసాపత్రం నేను ఆశించలేదు.

లోపాలు లేకపోలేదు. నిట్టనిలువు అంచున్న గుంతలో పడితే ఏ వాల్వూ కాపాడదు, దెబ్బ దెబ్బే. కాలనీ గట్ల మీద రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కి దిగేటప్పుడు కదలిక నిడివి ఎక్కువ కాబట్టి పక్కదారి మూసుకుంటుందో ఏమో, కారు మునుపటికంటే కాస్త బిగువుగానే దిగుతుంది. డిక్కీ నిండా సామానుతో ఐదుగురు ఎక్కితే వెనక భాగం కుంగడం పూర్వంలాగే ఉంది, దానికి మందు వెనక స్ప్రింగులే గాని షాకప్‌లు కావు. మేము అలా నిండుగా వెళ్లేది ఏడాదికి ఒకటి రెండుసార్లే కనుక ఆ ఖర్చు పెట్టలేదు. వెనక టైర్లు ఎత్తుపల్లాలుగా అరిగిపోయినవి ఎలాగూ హోరెత్తుతున్నాయి, వాటిని మార్చేటప్పుడు పక్కగోడ మెత్తగా ఉండే ప్రయాణపు రకాన్నే అదే సైజులో తీసుకోవాలని అనుకుంటున్నాను.